పద్దెనిమిది నిండాక హోమ్ నుంచి బయటికి: తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా ఇంటర్ పరీక్షలు అయిపోయే రోజుల్లో నాకు వచ్చే ఫోన్లన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి. "అక్కా, నాకు పద్దెనిమిది నిండుతున్నాయి, ఇప్పుడెక్కడికి పోవాలి?" అని పిల్లలు. "మేడమ్, మావాడికి గవర్నమెంటు నుంచి ఏమైనా వస్తుందా?" అని వార్డెన్లు. చెప్పిందే మళ్లీ చెప్పడం నాకు కష్టమేం కాదు. కానీ ఫోన్ చేయడానికి ఎవరూ లేని పిల్లలే ఎక్కువ. అందుకే అన్నీ ఒకచోట రాశాను. మన దగ్గర ఫాస్టర్ కుటుంబాల్లో, అంటే దత్తత తీసుకోకుండా పెంచే కుటుంబాల్లో పెరిగేవాళ్లు తక్కువ, బాల సదనాల్లో, హోముల్లో పెరిగేవాళ్లు ఎక్కువ. కాబట్టి జవాబులు ఎక్కువగా హోమ్ పిల్లల గురించే ఉంటాయి. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## ఇంకా హోమ్‌లో ఉండగానే

పద్దెనిమిది నిండిన రోజే పెట్టె సర్దుకుని వెళ్లిపోవాలా?

అక్కర్లేదు, కాకపోతే ముందే అడగాలి. 2015 నాటి బాల న్యాయ చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండేదాకే 'బాలలు'. అదే చట్టం 46వ సెక్షన్‌లో, సంస్థ నుంచి, అంటే హోమ్ నుంచి బయటికి వెళ్లేవాళ్లకు ఆర్థిక సాయం గురించి ఉంది. దీన్నే ఆఫ్టర్‌కేర్ అంటారు. ఇది 21 ఏళ్లు నిండేదాకా ఉంటుంది. ప్రత్యేక పరిస్థితి ఉంటే ఇంకో రెండేళ్లు పొడిగించవచ్చని 2016 నాటి నమూనా నియమాల్లో ఉంది. డిగ్రీ మధ్యలో ఉన్నా, ఐటీఐ పూర్తి కాకపోయినా, వెళ్లడానికి ఎవరూ లేకపోయినా అవన్నీ రాతలో పెట్టదగ్గ కారణాలే.

ఆఫ్టర్‌కేర్ దానంతట అదే వస్తుందా?

రాదు. చట్టంలో సాయం 'ఇవ్వవచ్చు' అని ఉంది, 'ఇవ్వాలి' అని లేదు. ఈ ఒక్క మాట దగ్గరే ఎందరో పిల్లలు ఆగిపోయారు. నియమాల ప్రకారం, పిల్లవాడు హోమ్ విడిచే తేదీకి రెండు నెలల ముందే కేస్ వర్కర్ గానీ, సోషల్ వర్కర్ గానీ, ప్రొబేషన్ ఆఫీసర్ గానీ 'బయటికి వెళ్లాక ఏంటి' అన్న ప్రణాళిక రాసి బాలల సంక్షేమ కమిటీకి, అంటే సీడబ్ల్యూసీకి ఇవ్వాలి. నేరం కేసు వల్ల హోమ్‌కు వచ్చిన పిల్లలైతే జువెనైల్ జస్టిస్ బోర్డుకు ఇవ్వాలి. ఆర్డర్ ఇచ్చేది వాళ్లే.

మీకు పదిహేడున్నర నిండగానే సూపరింటెండెంట్‌ని అడగండి: "మేడమ్, నా ప్లాన్ రాశారా? నన్ను అడిగి రాశారా?" రాయకపోతే మీరే తెల్లకాగితం మీద అర్జీ రాసి, కమిటీ సిట్టింగ్ రోజున ఇచ్చి, మీ కాపీ మీద స్టాంపు వేయించుకోండి. స్టాంపు పడిన కాపీ మీ దగ్గర ఉంటే "మాకు అందలేదు" అనే మాట రాదు.

ఏయే కాగితాలు నా చేతిలో ఉండాలి?

ఒక అమ్మాయి హోమ్ నుంచి బయటికి వచ్చిన రోజు నేను బస్టాండ్‌లో కలిశాను. చేతిలో ఒక రేకు పెట్టె, అందులో నాలుగు జతల బట్టలు, క్యారమ్స్ పోటీలో వచ్చిన కప్పు. కాగితాలన్నీ ఆఫీసు బీరువాలోనే ఉండిపోయాయి. వాటి కోసం తర్వాత అయిదుసార్లు తిరిగింది. ప్రతిసారీ రానూపోనూ బస్సు చార్జీ, ఒక రోజు కూలీ పోయాయి.

కాబట్టి ముందే తీసుకోండి: ఆధార్, పదో తరగతి మెమో, టీసీ, ఉంటే పుట్టిన సర్టిఫికెట్, కుల ధ్రువీకరణ పత్రం, బ్యాంకు పాస్‌బుక్, వైద్యం కాగితాలు, టీకాల కార్డు. వీటితో పాటు మిమ్మల్ని హోమ్‌లో చేర్చినప్పటి సీడబ్ల్యూసీ ఆర్డర్ కాపీ, బయటికి పంపేటప్పటి ఆర్డర్ కాపీ. ఈ రెండూ చాలామంది మర్చిపోతారు. 'నేను హోమ్‌లో పెరిగాను' అని రేపు ఏ ఆఫీసులోనైనా రుజువు చేసేవి ఇవే.

చిన్నప్పటి ఫోటోలు కూడా అడగండి. వాటితో ఏ ఆఫీసుకూ పని లేదు, మీకుంది.

ఆధార్ ఓటీపీ వార్డెన్ ఫోన్‌కే వెళ్తోంది. ఏం చేయాలి?

హోమ్ పిల్లల ఆధార్‌కు చాలాసార్లు హోమ్ నంబరో, ఎప్పుడో మానేసిన స్టాఫ్ నంబరో ఇచ్చి ఉంటుంది. మీ పేరు మీద సిమ్ తీసుకున్నాక ఆధార్ సెంటర్‌కు స్వయంగా వెళ్లి వేలిముద్ర వేస్తే నంబరు మారుస్తారు. పదిహేనేళ్లు దాటాక చేయించాల్సిన బయోమెట్రిక్ అప్‌డేట్ అయిందో లేదో అప్పుడే చూడమనండి. చిరునామాకు ఆధారం లేకపోతే, గుర్తింపు ఉన్న హోమ్ అధిపతి ఇచ్చే సర్టిఫికెట్‌ను ఆధార్ కేంద్రాలు తీసుకుంటాయి. హోమ్‌లో ఉండగానే చేయించుకుంటే సుఖం.

నా పుట్టిన తేదీ ఒక్కో కాగితంలో ఒక్కోలా ఉంది.

స్కూల్లో చేర్చినప్పుడు ఎవరో జూన్ 1 అని వేసి ఉంటారు, ఆధార్‌లో ఇంకోటి ఉంటుంది. దాదాపు అన్ని చోట్లా చెల్లేది పదో తరగతి మెమోలోని తేదీ. మిగతావి దానికి సరిపోయేలా మార్పించుకోండి. ఆధార్‌లో పుట్టిన తేదీ మార్చుకునే అవకాశం మామూలుగా ఒక్కసారే ఇస్తారు, కాబట్టి తొందరపడి తప్పు తేదీ వేయించుకోవద్దు. స్కూలు మెట్లే ఎక్కని పిల్లలకు కమిటీ నమోదు చేసిన వయసునే అసలు వయసుగా తీసుకోవాలని చట్టం 94వ సెక్షన్ చెబుతోంది. ఆ ఆర్డర్ జాగ్రత్త.

నాకు కులం ఏదో తెలియదు. రిజర్వేషన్ ఉండదా?

ఉండే అవకాశం ఉంది. తెలుగు రాష్ట్రాల బీసీ-ఎ జాబితాలో అనాథ పిల్లలు ఉన్నారు. షరతులు ఇవీ: పదేళ్లలోపే తల్లిదండ్రులను పోగొట్టుకుని ఉండాలి, చట్టప్రకారం గానీ ఆచారం ప్రకారం గానీ చూసుకునేవాళ్లు ఉండకూడదు, ప్రభుత్వ లేదా ప్రభుత్వ గుర్తింపు ఉన్న స్కూల్లోనో అనాథాశ్రమంలోనో చేరి ఉండాలి. మీసేవలోనో, ఆంధ్రప్రదేశ్‌లో అయితే సచివాలయంలోనో దరఖాస్తు పెడితే తహసీల్దార్ ఆఫీసుకు వెళ్తుంది. కౌంటర్ దగ్గర కూర్చున్నవాళ్లకు ఈ సంగతి తెలియకపోవచ్చు. "అలాంటిదేం లేదమ్మా" అంటే వెనక్కి రాకుండా, బీసీ-ఎ జాబితా ప్రింటు తీసుకెళ్లి చూపించండి. మహారాష్ట్ర 2018లో అనాథలకు ప్రత్యేకంగా ఒక శాతం రిజర్వేషన్ తెచ్చింది. మన దగ్గర దారి బీసీ-ఎ ద్వారానే.

వంట, డబ్బు లెక్కలు పిల్లలకు ఎప్పటి నుంచి నేర్పాలి?

పదిహేనో ఏట మొదలుపెట్టండి. హోమ్‌లో వంటగదిలోకి పిల్లల్ని రానివ్వరు. నిప్పు దగ్గర ప్రమాదం అని భయం, ఆ భయంలో న్యాయం ఉంది. కానీ ఫలితం ఏమవుతుందో ఒక అబ్బాయి గదిలో చూశాను. జీవితంలో మొదటిసారి అన్నం వండాడు, ఒక్కడికి. గిన్నె నిండా బియ్యం పోశాడు. పొంగి స్టవ్ ఆరిపోయింది, గ్యాస్ వాసన వస్తుంటే ఏం చేయాలో తెలియక తలుపు తీసి వరండాలో నిలబడ్డాడు. అరవై మందికి వండే గుండిగలు చూస్తూ పెరిగినవాడికి ఒక మనిషికి ఎన్ని బియ్యమో ఎలా తెలుస్తుంది?

వారానికి ఒకరోజు ఇద్దరు ముగ్గురు పిల్లలకు రెండు వందలు ఇచ్చి, సంతకు పంపి, తెచ్చినదాంతో వాళ్ల చేతే వండించండి. బస్సెక్కి తాలూకాఫీసుకు వెళ్లి ఒక ఫారం తెమ్మనండి. బ్యాంకులో చలానా రాయనివ్వండి. తప్పులేమైనా ఉంటే మీరు పక్కన ఉండగానే జరిగిపోవాలి.

## బయటికి వచ్చే నెలల్లో

నెలకు ఎంత ఇస్తారు? ఎవరి ఖాతాలో?

కేంద్ర ప్రభుత్వ మిషన్ వాత్సల్య పథకం కింద ఆఫ్టర్‌కేర్‌కు నెలకు 4,000 రూపాయలు ఉంది. అంతకుముందు 2,000 ఉండేది. డబ్బు నేరుగా మీ బ్యాంకు ఖాతాలో పడాలి, ఇంకెవరి ఖాతాలోనూ కాదు. చూసేది జిల్లా బాలల పరిరక్షణ విభాగం, అందరూ డీసీపీయూ అంటారు. నిజం చెప్పాలంటే ఈ డబ్బుతో బతకలేరు. హైదరాబాద్‌లో అమీర్‌పేట లాంటి చోట భోజనంతో కలిపి హాస్టల్‌కే అంతకన్నా ఎక్కువ అవుతుంది. పైగా నిధులు ఆలస్యమైతే రెండు మూడు నెలలది ఒకేసారి పడవచ్చు. దీన్ని పూర్తి ఆధారం అనుకోకుండా, చదువుకో శిక్షణకో తోడు అనుకోండి.

ఉండటానికి చోటు కూడా ఇస్తారా?

ఆరు నుంచి ఎనిమిది మంది కలిసి ఉండే గ్రూప్ ఇళ్ల ఏర్పాటు నియమాల్లో ఉంది. అన్ని జిల్లాల్లో దొరకదు. ఆఫ్టర్‌కేర్ నడిపే సంస్థల జాబితా డీసీపీయూ దగ్గర ఉండాలి, అడగండి. లేదంటే కాలేజీ చదివేవాళ్లకు సంక్షేమ హాస్టళ్లు, ఉద్యోగం చేసే అమ్మాయిలకు వర్కింగ్ ఉమెన్స్ హాస్టళ్లు ఉన్నాయి. నా అనుభవంలో బాగా నడిచేది వేరే దారి: అదే హోమ్‌లో పెరిగి, రెండేళ్ల ముందు బయటికి వచ్చిన సీనియర్ల గదిలో చేరడం. వాళ్లకు ఏదీ విడమరిచి చెప్పుకోనక్కర్లేదు.

చదువుకోవాలా, పనిలో చేరాలా?

చదవాలనే కోరిక ఉంటే చదువు ఆపకండి. ఆఫ్టర్‌కేర్ ఉన్నదే అందుకు. పనే కావాలంటే ఐటీఐ, పాలిటెక్నిక్, స్టైపెండ్ వచ్చే అప్రెంటిస్‌షిప్ చూడండి. బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థల్లో శిక్షణ ఉచితం, భోజనం, వసతి కూడా వాళ్లదే.

వార్డెన్లకు ఒక మాట. అమ్మాయిలందరికీ టైలరింగ్, అబ్బాయిలందరికీ డ్రైవింగ్ అని బ్యాచ్‌లు కట్టి పంపేయకండి. ఎవరికి ఏది ఇష్టమో ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి అడగండి. ఇష్టం లేని కోర్సులో చేరినవాళ్లు మూడో నెలలో మానేసి, ఆ మాట చెప్పడానికి మొహం చెల్లక మాయమవుతారు.

నాకు మైనర్ ఖాతా ఉంది. అదే వాడుకోవచ్చా?

పద్దెనిమిది నిండగానే బ్యాంకు కొత్తగా కేవైసీ, అంటే మీ గుర్తింపు కాగితాలు, కొత్త సంతకం అడుగుతుంది. ఇవ్వకపోతే లావాదేవీలు ఆగిపోవచ్చు. సూపరింటెండెంట్ పేరు కూడా ఖాతాలో ఉంటే తీయించి, మీ ఒక్కరి పేరు మీదికి మార్చుకోండి. సాయం డబ్బు పడటానికి ముందే ఈ పని అయిపోవాలి.

మా అమ్మానాన్న కోవిడ్‌లో పోయారు. నాకు వేరే పథకం ఏదైనా ఉందా?

2021లో మొదలైన పీఎం కేర్స్ ఫర్ చిల్డ్రన్ పథకంలో మీ పేరు నమోదై ఉంటే, పద్దెనిమిది నిండినప్పటి నుంచి నెలనెలా స్టైపెండ్ వస్తుంది. ఇరవై మూడేళ్లు నిండాక 10 లక్షల రూపాయలు మీ చేతికి వస్తాయి. ఆ డబ్బు సంగతి ఎవరికీ చెప్పకండి, బంధువులకు కూడా.

ఓటు, పాస్‌పోర్టు సంగతేంటి?

ఓటుకు ఫారం 6. జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబర్ ఒకటో తేదీల్లో ఏదో ఒకదానికి పద్దెనిమిది నిండితే చాలు. పాస్‌పోర్టుకు అమ్మానాన్నలిద్దరి పేర్లూ అక్కర్లేదు, అమ్మ, నాన్న, గార్డియన్‌లలో ఒకరి పేరు సరిపోతుంది. పుట్టిన తేదీకి ఏ ఆధారమూ లేని అనాథలు హోమ్ అధిపతి లెటర్‌హెడ్ మీద ఇచ్చే ధ్రువీకరణ పెట్టవచ్చని 2016 డిసెంబర్‌లో నిబంధన సడలించారు.

## మొదటి ఏడాది

ఇల్లు అద్దెకు అడిగితే "మీ నాన్నగారు ఏం చేస్తారు?" అంటున్నారు. ఏం చెప్పాలి?

మీరు సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. అలాగని మీ కథంతా చెప్పాల్సిన అవసరమూ లేదు. "నాన్న లేరండి, నేను ఫలానా చోట పని చేస్తున్నాను, మా అక్క మీతో మాట్లాడుతుంది" అంటే చాలు. ఆ 'అక్క' మీకు తోడుగా ఉండి దారి చూపే మెంటరో, టీచరో, పాత వార్డెనో కావచ్చు. మీరు ఇలాంటి పిల్లలకు సాయం చేయాలనుకునేవాళ్లయితే, వాళ్లతో పాటు వెళ్లి ఓనర్‌తో పది నిమిషాలు కూర్చోండి. మీ ఫోన్ నంబరు ఇవ్వండి. రెండు నెలల అడ్వాన్సు కన్నా ఆ పది నిమిషాలే ఎక్కువ పని చేస్తాయి.

ఒక్కడినే గదిలో పడుకుంటే నిద్ర పట్టడం లేదు.

నలభై మంది ఊపిరి మధ్య పదేళ్లు పడుకున్నవాళ్లకు నిశ్శబ్దం భయంగానే ఉంటుంది. మీలో లోపం ఏమీ లేదు. ఒకబ్బాయి రాత్రంతా ఫోన్‌లో పాత క్రికెట్ మ్యాచ్ కామెంటరీ పెట్టుకుని పడుకునేవాడు. మూడు నెలలకు అలవాటుపడ్డాడు. వీలైతే మొదటి ఏడాది ఒంటరి గది తీసుకోకండి. తిండి సయించకపోయినా, చచ్చిపోవాలనే ఆలోచనలు వస్తున్నా ఆగకుండా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

సంక్రాంతికి హాస్టల్ మూసేస్తున్నారు. ఎక్కడికి వెళ్లను?

ఈ ప్రశ్న ఏ పథకంలోనూ ఉండదు. పిల్లలు మాత్రం నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. పదమూడో తారీఖు మధ్యాహ్నానికి హాస్టల్ ఖాళీ. అందరూ బ్యాగులు తగిలించుకుని "ఏరా, మీ ఊరు ఎప్పుడు?" అంటుంటే వీళ్లు ఏదో ఒక ఊరి పేరు చెప్పి, బస్టాండ్‌లో రెండు రోజులు గడిపిన సందర్భాలు ఉన్నాయి.

నెల ముందే హోమ్‌కు ఫోన్ చేసి, పండక్కి వచ్చి ఉండొచ్చా అని అడగండి. చాలామంది సూపరింటెండెంట్లు సంతోషంగా రమ్మంటారు, చిన్నపిల్లలకు మీరు అన్నో అక్కో. హాస్టల్ వార్డెన్‌కు కూడా నిజం చెప్పండి, తాళం మీకే ఇచ్చి వెళ్లేవాళ్లు ఉన్నారు. మెంటర్లు, ఫాస్టర్ తల్లిదండ్రులు, టీచర్లు మాత్రం వాళ్లు అడిగేదాకా ఆగకండి. "పండక్కి మా ఇంటికి రా, అరిసెలు చేస్తున్నాం" అని మీరే పిలవండి. దసరాకూ అంతే.

లోన్ యాప్‌లో తీసుకున్నాను. ఫోటోలు పంపిస్తామని బెదిరిస్తున్నారు.

ఇంకో యాప్‌లో తీసుకుని దీన్ని కట్టకండి. మెసేజ్‌లు, నంబర్లు స్క్రీన్‌షాట్ తీసి, సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వండి. మీరు నమ్మే పెద్దవాళ్లు ఒకరికి ఈ రోజే చెప్పండి. తిడతారనే భయంతో దాచినకొద్దీ వాళ్ల బెదిరింపులు పెరుగుతాయి.

ఇన్నాళ్లూ కనిపించని బాబాయి ఇప్పుడు వచ్చి సంతకం పెట్టమంటున్నాడు.

ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి, ఖాళీ కాగితం మీద అసలే వద్దు. హిందూ వారసత్వ చట్టం ప్రకారం, తండ్రి వీలునామా రాయకుండా చనిపోతే ఆయన ఆస్తిలో కొడుకైనా కూతురైనా సమాన వారసులే. మీరు మైనర్‌గా ఉండగా గార్డియన్ ఎవరైనా మీ వాటా అమ్మేసి ఉంటే, మీరు మేజర్ అయిన మూడేళ్లలోపు కోర్టులో సవాలు చేయాలి. ఈ గడువు తెలియక పొలాలు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ని పెడుతుంది, ఫోన్ 15100. ఆడపిల్లలకు ఆదాయంతో పని లేదు. అబ్బాయిలకు ఆదాయ పరిమితి ఉంటుంది, ఎస్సీ, ఎస్టీ అయితే అదీ లేదు.

బంధువులందరూ ఆస్తి కోసమే వస్తారని కాదు. ప్రేమతో వచ్చేవాళ్లూ ఉంటారు. వాళ్లు సంతకం లేకపోయినా మళ్లీ వస్తారు.

హోమ్ వాళ్లు సంబంధం చూశారు. పెళ్లి చేసుకుంటే సెటిల్ అవుతావంటున్నారు.

మీకు ఇష్టమైతే చేసుకోండి. వెళ్లడానికి వేరే చోటు లేదు కాబట్టి చేసుకోకండి. అబ్బాయిని రెండు మూడుసార్లు కలిసి మాట్లాడే అవకాశం అడగండి, పని చేసే చోట విచారించమని అడగండి. పెళ్లయ్యాక గొడవైతే ఏ తలుపు తట్టాలో ముందే తేల్చుకోండి. వార్డెన్ అమ్మలూ, ఆ తలుపు మీది అవుతుందా అని మిమ్మల్ని మీరు అడగండి.

చిన్నప్పుడు నా మీద కేసు ఉండేది. ఉద్యోగం రాదా?

బాల న్యాయ చట్టం 24వ సెక్షన్ ప్రకారం, బాలలుగా ఉన్నప్పటి కేసు వల్ల తర్వాత ఏ అనర్హతా ఉండకూడదు. పదహారు దాటాక ఘోరమైన నేరంలో చిల్డ్రన్స్ కోర్టు దోషిగా తేల్చినవాళ్లకు మాత్రం మినహాయింపు ఉంది. దరఖాస్తు ఫారంలో ఆ గడి దగ్గర అనుమానం వస్తే, నింపకముందే ఉచిత న్యాయ సహాయ లాయర్‌ని అడగండి.

## తోడుగా నిలబడాలనుకునేవాళ్లకు

మా దగ్గర ఫాస్టర్‌గా పెరిగిన పాపకు పద్దెనిమిది వస్తోంది. ఇక మాకు సంబంధం ఉండదా?

నెలనెలా వచ్చే సాయం ఆగుతుంది, బంధం ఆగదు. తను మీ ఇంట్లోనే ఉండవచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. దత్తత తీసుకోవాలనుంటే మాత్రం పద్దెనిమిది నిండకముందే కదలాలి. 2024 ఫాస్టర్ కేర్ మార్గదర్శకాల ప్రకారం రెండేళ్లు పెంచిన కుటుంబం దత్తతకు అడగవచ్చు, అంతకుముందు అయిదేళ్లు ఉండేది. ఆఫ్టర్‌కేర్ విషయంలో చట్టంలోని మాట 'సంస్థ నుంచి బయటికి వచ్చినవాళ్లు' అని ఉంది. కాబట్టి మీ పాప చదువుకు సాయం కావాలంటే పద్దెనిమిదికి ముందే సీడబ్ల్యూసీ ముందు అర్జీ పెట్టండి.

నాకు డబ్బు లేదు. ఏం చేయగలను?

ప్రతి ఆదివారం ఒకే వేళకు ఫోన్ చేయండి. ఏం తిన్నావ్, ఓనర్ ఏమన్నాడు, జ్వరం తగ్గిందా. ఆస్పత్రి ఫారంలో 'అత్యవసరమైతే ఎవరికి చెప్పాలి' అన్న గడిలో మీ పేరు రాసుకోమనండి. ఆ గడి ఖాళీగా వదిలేసే పిల్లల్ని నేను చూశాను. వాళ్ల ఫోటో పెట్టి "మేం సాయం చేస్తున్న అనాథ" అని పోస్టులు మాత్రం పెట్టకండి.

బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలకు పద్దెనిమిది నిండితే ఎలా?

ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్లకు పద్దెనిమిది తర్వాత కూడా చట్టబద్ధ గార్డియన్‌ని పెట్టే వీలు 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టంలో ఉంది. జిల్లా స్థాయి కమిటీకి, అంటే కలెక్టరేట్‌కు దరఖాస్తు చేయాలి. ఏడాది ముందే మొదలుపెట్టండి.

ఆరు నెలలుగా వాడు నా ఫోన్ ఎత్తడం లేదు. వదిలేయనా?

వదలకండి. ఉద్యోగం పోయి ఉంటుంది, లేదా మీరిచ్చిన ఫీజు డబ్బు వేరేదానికి ఖర్చయి ఉంటుంది. మీకు మొహం చూపించలేకపోతున్నాడు. సంజాయిషీ అడగకుండా చిన్న మెసేజ్ పెట్టండి: "ఏం కాలేదులే, నేను ఇక్కడే ఉన్నాను." నెలకొకటి పెడుతూ ఉండండి. మావాడొకడు పద్నాలుగు నెలల తర్వాత రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు. "అక్కా, మీ నంబరు మారలేదు కదా?" అన్నాడు. మారలేదన్నాను.